నెలకు రెండు వేలు పక్కన పెట్టగలిగితే: పేదరికం మీద ఏ సాయం ఎంత పనిచేస్తుంది?

విశాఖలో సాయం చేసే మనసుకు కొదవ లేదు. పుట్టినరోజున అనాథాశ్రమంలో భోజనాలు, పెద్దల పేరు మీద గుడి దగ్గర అన్నదానం, చలికాలంలో రైల్వే స్టేషన్ బయట దుప్పట్లు, జూన్ వచ్చిందంటే నోటు పుస్తకాలు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసుల్లో "ఈసారి మనం ఏం చేద్దాం?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబుగా రాస్తున్నదే ఇది.

ఆకలేసినవాడికి అన్నం పెట్టడం మంచి పనే. దాని గురించి రెండో మాట లేదు. కానీ ఒక కుటుంబం పేదరికంలోంచి బయటపడాలి, మళ్ళీ అందులో పడకూడదు అన్నదే మీ కోరిక అయితే అన్ని సాయాలూ ఒకేలా పనిచేయవు. ముందుగా ఆ ఇంటికి అడ్డుపడుతున్నది ఏమిటో కనుక్కోవాలి. పెట్టుబడి లేదా? ఇంట్లో జబ్బా? పిల్లలకు చదువు అబ్బడం లేదా? రావలసిన పింఛను రావడం లేదా? అడ్డు ఏదైతే సాయం అదే కావాలి. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది గానీ, మనం చేసే దానాల్లో ఎక్కువ భాగం ఇచ్చేవాళ్ళకు ఏది వీలో అదే ఇస్తున్నాం.

అసలు లెక్క ఎంత

ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరిక రేఖను మనిషికి రోజుకు 3 డాలర్లుగా సవరించింది. అంతకు ముందు అది 2.15 డాలర్లు. మారకం రేటుతో గుణిస్తే ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఒక్కో దేశంలో ధరలు ఎలా ఉన్నాయో చూసి సరిచేసిన డాలరు ఇది. మన దేశంలో 2021 నాటి ధరల్లో అది అరవై రూపాయల చుట్టుపక్కల వస్తుంది. తిండి, అద్దె, బస్సు, మందులు, బడి ఖర్చు అన్నీ అందులోనే. ఆ గీత కింద ఇవాళ్టికీ సుమారు 80 కోట్ల మంది ఉన్నారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల వాళ్ళు.

ఇదే కొలతతో 1990లో చూస్తే ప్రపంచంలో పది మందిలో నలుగురికి పైగా ఆ గీత కిందే ఉండేవాళ్ళు. ఇప్పుడు పది మందిలో ఒకరు. మనిషి చరిత్రలో ఇంత తక్కువ కాలంలో ఇంత మంది పైకి రావడం ఎప్పుడూ జరగలేదు. దీన్ని ఎక్కువగా సాధించింది దానధర్మాలు కావు. 1978 తర్వాత చైనా పొలాన్ని కమ్యూన్ల చేతి నుంచి కుటుంబాల చేతికి ఇచ్చింది, ఊళ్ళ పక్కన ఫ్యాక్టరీలు లేచాయి, నలభై ఏళ్ళలో దాదాపు 80 కోట్ల మంది గట్టెక్కారు. మన దగ్గర నీతి ఆయోగ్ ఇంకో రకంగా కొలుస్తుంది. డబ్బు బదులు పోషణ, బడి, మరుగుదొడ్డి, వంట గ్యాస్, కరెంటు, బ్యాంకు ఖాతా లాంటివి చూస్తుంది. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 2015-16లో 11.77 శాతం ఉంటే 2019-21 నాటికి 6.06 శాతానికి వచ్చారు.

అంటే పెద్ద బరువు మోసేది కూలి పెరగడం, రోడ్డు, కరెంటు, బడి. మన రెండు వేలు ఆ పని చేయలేవు. ఆ ఎదుగుదల ఎవరి గుమ్మం ముందు ఆగిపోయిందో, అక్కడ మాత్రం చేయగలవు. పాడేరు, అరకు కొండల మీద రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసే ఊళ్ళు, నగరంలో భర్త పోయిన ఒంటరి ఆడమనిషి, మంచాన పడ్డ మేస్త్రీ ఇల్లు, రెక్కాడితే గాని డొక్కాడని బతుకులు. ఇక్కడి నుంచి నేను పోల్చేది వాళ్ళను దృష్టిలో పెట్టుకునే.

చేతికి నగదు

చాలామంది ముందు కొట్టిపారేసేది ఇదే. నా లెక్కలో ముందు వరసలో నిలబడేవాటిలో ఇదొకటి.

"డబ్బు చేతికిస్తే తాగేస్తారు" అన్న భయం ప్రపంచమంతా ఉంది కాబట్టి దాన్ని బాగానే పరీక్షించారు. వివిధ దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూస్తే, నగదు అందుకున్న ఇళ్ళలో మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు. కొన్ని చోట్ల తగ్గింది కూడా. కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ పల్లెల్లో పది వేలకు పైగా కుటుంబాలకు తలో వెయ్యి డాలర్ల చొప్పున ఇచ్చింది. వాళ్ళు ఇంటి పైకప్పు వేసుకున్నారు, పశువులు కొన్నారు, కొట్లు పెట్టారు. ఆ డబ్బు ఊళ్ళో చేతులు మారి, డబ్బు అందని ఇళ్ళ రాబడి కూడా పెంచింది. ఇచ్చిన ప్రతి డాలరుకు ఆ ప్రాంతంలో రెండున్నర డాలర్ల వ్యవహారం నడిచిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ధరలు పెరిగింది కూడా చాలా తక్కువే.

అయితే నగదు ఎప్పుడిస్తున్నారు, ఎంత మొత్తంగా ఇస్తున్నారు అన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కొనుక్కుని గంప నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వీధుల్లో తిరిగి అమ్మే ఆడవాళ్ళను చూడండి. తెల్లవారుజామున వేలంపాటలో సరుకు కొనాలి, ఐసు కొనాలి, ఆటోకి ఇవ్వాలి. ఆ పొద్దుటి పెట్టుబడి చాలామందికి అప్పే. మూడు వేలు తీసుకుని రోజుకు వంద వడ్డీ కడుతుందనుకుందాం. ఏడాదిలో 300 రోజులు వ్యాపారం చేస్తే వడ్డీకే ముప్పై వేలు పోయింది, అసలు మాత్రం అలాగే ఉంది. మూడు వేలు ఒక్కసారి ఆమె సొంతమైతే ఆ ముప్పై వేలు ఇంట్లోనే ఉంటాయి కదా?

ఉండాలి. కానీ చెన్నైలో, ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి రోజు వడ్డీ వ్యాపారుల అప్పులు పూర్తిగా తీర్చేసి ఏం జరుగుతుందో పరిశోధకులు గమనించారు. చాలామంది కొద్ది వారాల్లోనే మళ్ళీ అప్పులోకి వెళ్ళిపోయారు. వాళ్ళకు లెక్క తెలియక కాదు. పిల్లాడికి జ్వరం, ఊళ్ళో చావు, రెండు రోజులు వాన, ఏదో ఒకటి వచ్చి ఆ పెట్టుబడిని తినేస్తుంది. అప్పు తీర్చినవాళ్ళు ఆ రెండో దెబ్బకు ఆసరా పెట్టలేదు.

అందుకే నగదు ఇస్తే రెండు విడతలుగా ఇవ్వమంటాను. ఒకటి పెట్టుబడికి సరిపడా మొత్తంగా. చిల్లరగా ఇస్తే నెల ఖర్చులో కలిసిపోతుంది. రెండోది చేతులు ఖాళీ అయ్యే కాలానికి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, మంచిదే. అది పడవెక్కి వేటకు వెళ్ళేవాళ్ళది. ఒడ్డున చేపలు కోసి శుభ్రం చేసేవాళ్ళకు, గంపల్లో అమ్మేవాళ్ళకు ఆ రెండు నెలలూ బేరం పలచబడుతుంది. నిషేధం ముగిసే వారంలోనే బడులు తెరుస్తారు. మే నెలాఖరున అందిన రెండు వేలు డిసెంబర్‌లో అందిన రెండు వేల కంటే ఎన్నో రెట్లు విలువైనవి, ఎందుకంటే అవి ఒక అప్పును పుట్టకుండా ఆపుతాయి.

కుట్టు మిషను, తోపుడు బండి, మేకలు

ఫొటోకి బాగుంటాయి కాబట్టి క్లబ్బులకు ఇవి ఇష్టం. కుట్టు మిషన్లు పంచే సభలు విశాఖలో కొత్త కాదు. మిషను కంటే ముందు అడగాల్సింది ఆ వీధిలో కుట్టించుకునేవాళ్ళు ఎంతమంది, ఇప్పటికే ఎన్ని మిషన్లు ఉన్నాయి అన్నది. రెడీమేడ్ బట్టలు వచ్చాక జాకెట్లు, ఆల్టరేషన్లే మిగిలిన పేటలో పది మిషన్లు దిగితే పది మంది రాబడీ పడిపోతుంది. తోపుడు బండి సంగతీ అంతే. బండి ఇచ్చారు సరే, నిలబెట్టుకునే చోటు? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం గుర్తింపు, సర్టిఫికెట్ ఉండాలి. అది ఇప్పించకుండా బండి ఒక్కటే ఇస్తే, ఒకరోజు కార్పొరేషన్ లారీ వచ్చి ఎత్తుకుపోయాక ఆ మనిషి మీ దగ్గరికి వచ్చి చెప్పుకోను కూడా చెప్పుకోదు.

వస్తువుతో పాటు మిగతావీ ఇస్తే మాత్రం ఫలితం మారిపోతుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి ఇదే. అతి పేద కుటుంబానికి రెండు మేకలో ఆవో ఇస్తారు, అవి పాలిచ్చేదాకా కొన్ని నెలలు తిండి ఖర్చు ఇస్తారు, పెంచడం నేర్పుతారు, పొదుపు చేయిస్తారు, వారం వారం ఒక మనిషి ఇంటికి వచ్చి మంచీ చెడ్డా అడుగుతాడు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూ, ఆరు దేశాల్లో పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి. కార్యక్రమం ముగిసిన ఏడాదికీ ఆ కుటుంబాల తిండి, ఆస్తి, రాబడి మెరుగ్గానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో పదేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా ఆ తేడా నిలిచే ఉంది.

ఇదే పద్ధతిని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్ జిల్లాలో చేసి చూస్తే మొత్తం మీద తేడా కనిపించలేదు! కారణం తెలుసుకోదగ్గది. అక్కడ అదే సమయంలో కూలి పని బాగా దొరుకుతోంది, ఉపాధి హామీ కూడా తోడైంది. గేదె తీసుకున్నవాళ్ళు కూలి మానుకుని గేదెను చూసుకున్నారు, తీసుకోనివాళ్ళు కూలికి పోయారు. చివరికి ఇద్దరి రాబడీ సమానం. కొందరు పశువులను అమ్మి అప్పులు తీర్చుకున్నారు కూడా. పథకంలో లోపం అనడం కంటే, అక్కడి వాళ్ళకు అడ్డు ఆస్తి లేకపోవడం కాదని అనుకోవాలి. మన ప్రాంతానికి అన్వయిస్తే, కూలి దొరకని కొండ మీది పల్లెలో మేకలు, నాటుకోళ్ళు అర్థవంతమైన సాయం. గాజువాక, అగనంపూడి వైపు రోజు కూలి దొరికే చోట అంత కాదు.

అప్పు

కటిక పేదకు వడ్డీ లేకుండా అయినా అప్పు ఇవ్వకండి. నా మాట కఠినంగా అనిపించవచ్చు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు, మహమ్మద్ యూనస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు చిన్న అప్పులతో పేదరికం పోతుందని ప్రపంచమంతా నమ్మింది. నాలుగేళ్ళు తిరగకుండా మన రాష్ట్రంలోనే వారం వారం వసూళ్ళు, ఒకదాని మీద ఒకటి అప్పులు, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

హైదరాబాద్‌లో 104 పేటల్లో జరిగిన అధ్యయనం దీన్ని నిదానంగా తేల్చింది. అప్పు దొరికిన పేటల్లో ఇళ్ళ ఖర్చు, పిల్లల చదువు, ఆడవాళ్ళ మాట చెల్లుబాటు, వేటిలోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అప్పటికే చిన్నదో పెద్దదో వ్యాపారం నడుపుతున్నవాళ్ళకు మాత్రం అప్పు ఉపయోగపడింది, వాళ్ళ వ్యాపారాలు ఆ తర్వాతి ఏళ్ళలోనూ పెద్దవిగానే ఉన్నాయి. కాబట్టి పూర్ణా మార్కెట్‌లో కొట్టు నడుస్తున్న మనిషి ఇంకొంచెం సరుకు పెట్టుకోవడానికి అప్పు అడిగితే సరే. ఆమెకైనా మీ చేతి అప్పు కంటే డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు అప్పు నయం. సంఘంలో పొదుపు కూడా ఉంటుంది, అడిగేవాళ్ళు పక్కింటివాళ్ళే కాబట్టి ఇబ్బంది వచ్చినప్పుడు సర్దుబాటు కూడా ఉంటుంది.

పిల్లల చదువు మీద పెట్టేవాళ్ళకు

నోటు పుస్తకాలు, బ్యాగులు వద్దు. ప్రభుత్వ బడుల్లో పిల్లలకు అవి కిట్టుగా వస్తున్నాయి.

ఒక పిల్లాడికి ప్రైవేటు స్కూలు ఫీజు కట్టడం చాలామందికి నచ్చే పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల పల్లెల్లో 2008 నుంచి నాలుగేళ్ళు ఇదే చేసి చూశారు. లాటరీ వేసి, పేరు వచ్చిన పిల్లల ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్ళకూ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో ఆ పని చేసిందన్నది నిజమే. కానీ ఫీజు కట్టే మీకు, బిడ్డ తెలుగు చదవడం బాగుపడుతుందని ఆశ ఉంటే, అది ఫీజుతో రాలేదు.

ఐదో తరగతికి వచ్చి రెండో తరగతి పాఠం చదవలేని పిల్లలను తరగతితో సంబంధం లేకుండా, చదవగలిగిన స్థాయిని బట్టి కూర్చోబెట్టి రోజూ గంటా రెండు గంటలు చదివించే పద్ధతి ఉంది. ప్రథమ్ సంస్థ దాన్ని తయారుచేసింది. ఎన్నో రాష్ట్రాల్లో పదేపదే పరీక్షించినా ఫలితం ఇచ్చింది. ఆరిలోవలోనో కంచరపాలెంలోనో సాయంత్రం పూట ఇంటర్ చదివిన అమ్మాయికి నెలకు కొంత గౌరవ వేతనం ఇచ్చి పదిహేను మంది పిల్లలను చదివించడానికి నలుగురు స్నేహితులు కలిస్తే చాలు. ఇవే పోల్చితే నేను ఫీజు వదిలేసి దీన్నే తీసుకుంటాను. ఇంకొకటి, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఆ రోజు మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలు బడికి వెళ్ళారా లేదా అని ఒక మాట అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు.

జబ్బు

అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఆంధ్రతో పాటు మరికొన్ని చోట్ల వేల కుటుంబాలను మీరు పేదరికంలోకి ఎలా జారారు అని అడిగారు. అన్నిచోట్లా ముందు వచ్చిన జవాబు ఒకటే, జబ్బు, దానికైన ఖర్చు. పైకి రావడానికి పదేళ్ళు పడితే కిందికి జారడానికి ఒక ఆపరేషన్ చాలు.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆపరేషన్ ఖర్చును చాలావరకు మోస్తుంది. అది మోయనిది వేరే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీల నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వచ్చిన రోగి వెంట ఒకరు ఉంటారు. ఆ ఒకరికి ఇరవై రోజులు కూలి పోయింది. తిండి, ఊరికి రానుపోను, బయట కొనమన్న మందు, చుట్టం చేసిన చేబదులు. మధ్యలో డబ్బు అయిపోయి రోగిని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వైద్యం ఉచితమే, ఆ వైద్యం పూర్తయ్యేదాకా అక్కడ ఉండటానికి డబ్బు లేదు. కేజీహెచ్ దగ్గర అన్నదానం చేసేవాళ్ళ సాయం సరిగ్గా ఇక్కడే దెబ్బకు మందులా పనిచేస్తుంది. దానికి తోడు తిరుగు ప్రయాణం, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చే ఖర్చు చేతిలో పెడితే చికిత్స సగంలో ఆగదు.

ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ: కాగితాలు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. ఒక వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000. ఏడాదికి 48,000. దివ్యాంగులకు నెలకు 6,000, ఏడాదికి 72,000. మనిషికి నెలకు ఐదు కిలోల ఉచిత బియ్యం. బిడ్డ బడికి వెళితే తల్లి ఖాతాలో డబ్బు. మీరు నెలకు రెండు వేలు చొప్పున ఏడాదంతా ఇచ్చినా 24,000. ఆగిపోయిన ఒక పింఛను తిరిగి మొదలైతే దానికి రెట్టింపు, అదీ ఏటేటా. అయినా దీన్ని సాయంగా ఎవరూ లెక్కలో వేయరు. మా విశాఖలో రిటైరై సచివాలయం పని, బ్యాంకు పని అన్నీ తెలిసినవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళ వారానికో పూట చాలా ఇళ్ళను నిలబెడుతుంది.

అడ్డంకులు ఎంత చిన్నవో దగ్గర నుంచి చూస్తే గానీ నమ్మలేం. ఏళ్ళ తరబడి ఐసులో చేతులు పెట్టి, పొలుసు గీకి, కత్తిపీట పట్టిన ఆడమనిషి వేలి మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో మిషను మీద బొటనవేలు పెడుతుంది, పడదు. తడి తుడుచుకుని చీరకొంగుకు రుద్ది మళ్ళీ పెడుతుంది, పడదు. చూపుడువేలు, మధ్యవేలు అన్నీ అయ్యాక "రేపు రా" అంటారు. రేపు అంటే ఇంకో పూట బేరం పోయినట్టే. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి వేలిముద్రలు, కనుపాప మళ్ళీ నమోదు చేయిస్తే చాలావరకు తీరిపోయే సమస్య ఇది. ఆమె ఒక్కతే వెళితే ఏ ఫారం అడగాలో తెలియదు. పక్కన ఒక మనిషి నిలబడి "కనుపాపతో చూడండి" అని గట్టిగా అడిగితే పని జరుగుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆధార్‌లో అప్పలమ్మ, రేషన్ కార్డులో అప్పలనర్సమ్మ. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు వచ్చే ఏర్పాటు ఉంది, మరణ ధ్రువపత్రం చేయించకపోవడంతో అది ఆగుతుంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ బుక్ చేయడం రాక దివ్యాంగుడి పింఛను ఆగుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ భవనాల పనిచేసే కుటుంబానికి ఊళ్ళోని రేషన్ కార్డుతోనే విశాఖలో బియ్యం తీసుకోవచ్చని తెలియదు. ఏజెన్సీలో ఇంట్లో పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే లేదు, దాని వెనక ఆధార్ లేదు, దాని వెనక ఏ పథకమూ లేదు.

ప్రభుత్వాలకూ ఇదే వర్తిస్తుంది. పథకం పెట్టడం కంటే అందించడం కష్టమైన పని. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, ఇవి మన నేల మీద నడిచిన పెద్ద ప్రయోగాలు. ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న మండలాల్లో ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపును స్మార్ట్ కార్డుల మీదికి మార్చినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ పరిశీలించారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. ఇంకా ముఖ్యం, పేద కుటుంబాల రాబడి పెరిగినదాంట్లో పెద్ద భాగం పథకం కూలి నుంచి రాలేదు, బయట రైతులు, మేస్త్రీలు ఇచ్చే కూలి పెరగడం వల్ల వచ్చింది. ఉపాధి పని ఖాయంగా దొరుకుతుందని తెలిస్తే తక్కువ కూలికి ఎవరూ వెళ్ళరు. ఓటు వేసేటప్పుడు కొత్త పథకం పేరు కంటే పాత పథకం సక్రమంగా అందుతోందా అని అడగమని నేను చెప్పేది అందుకే.

మరి రెండు వేలు ఎలా పంచాలి

ఒక కుటుంబం మీకు బాగా తెలిసి ఉంటే, అంటే మీ ఇంట్లో పనిచేసే ఆమె, వాచ్‌మన్, ఇస్త్రీ అబ్బాయి, వాళ్ళతోనే మొదలుపెట్టండి. జీతం పెంచగలిగితే ముందు అది పెంచండి. దానం కంటే జీతం గౌరవమైనది, నెలనెలా వస్తుందని వాళ్ళకు భరోసా. తర్వాత వాళ్ళ కాగితాలన్నీ ఒకసారి ముందు పెట్టుకుని సరిచూడండి. మిగిలింది దాచి, మే నెలాఖరున ఒక్కసారిగా ఇవ్వండి.

ఎవరూ తెలియకపోతే సంస్థ ద్వారా ఇవ్వండి. వెయ్యి చదువు నేర్పే పనికి, వెయ్యి ఆసుపత్రి దగ్గర సాయానికి అయితే నాకు సమ్మతమే. ఒక ప్రాణం నిలవడానికి రూపాయి ఎక్కడ ఎక్కువ పనిచేస్తుంది అన్నదే మీ ప్రశ్న అయితే, జవాబు మన దేశం బయట ఉంది. ఆఫ్రికాలో పిల్లలకు మలేరియా దోమతెర ఐదారు డాలర్లు. గివ్‌వెల్ అనే సంస్థ లెక్క ప్రకారం ఇలాంటి కార్యక్రమాల్లో సుమారు 3,000 నుంచి 5,500 డాలర్లకు ఒక ప్రాణం నిలుస్తుంది. అక్కడి తల్లికీ ఇక్కడి తల్లికీ బిడ్డ ఒకటే. ఆ దారి ఎంచుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు, అంతే.

ఇక్కడి సంస్థ అయితే మూడు అడగండి: నిరుడు ఎంతమందికి ఏం చేశారు, వాళ్ళలో ఇప్పటికీ మెరుగ్గా ఉన్నవాళ్ళు ఎంతమంది, పని జరగని చోట ఏం చేశారు. మూడో ప్రశ్నకు జవాబు ఉన్న సంస్థను నమ్మవచ్చు. విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, రెండు వేలకు మించి నగదుగా ఇస్తే అదీ రాదు, కాబట్టి యూపీఐలోనో చెక్కుగానో ఇవ్వండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోపు సంస్థ మీకు విరాళం అందినట్టు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో మీ పాన్ నంబర్ సరిగ్గా పడిందో లేదో చూసుకుని రిటర్న్ వేయండి.